చేమిరికి ఒక ఇల్లు

పాలు గోరువెచ్చగా చల్లారాయో లేదో చిటికెన వేలు ముంచి చూసి, చెంచాడు చేమిరి వేసి మూత పెట్టడం మునీశ్వరికి పదహారేళ్లుగా ఉన్న పని. ఆ చెంచాడు పుల్ల మజ్జిగ పడకపోతే పుంగనూరులో ఆ ఇంట మరునాడు పెరుగు లేదు. పెరుగు లేకపోతే అత్త రాజమ్మకు ముద్ద దిగదు. ఆమెకు ముద్ద దిగలేదంటే ఆ సంగతి వీధంతా దిగుతుంది.

మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబులో మునీశ్వరికి ఉద్యోగం. రెండు వేల అయిదులో ఆమె ఒక చిన్న ప్రోగ్రామ్ రాసింది. పాత డీటీపీ అక్షరాల్లో కొట్టిన తెలుగును ఇంకో కంప్యూటర్లో తెరిస్తే చీమలు పాకినట్టు కనబడే రోజులవి. ఆ చీమల్ని పట్టి మళ్లీ అక్షరాలు చేసే ప్రోగ్రామ్ అది. చెంచాడంత ఉండి కుండెడు పని చేస్తుందని దానికి చేమిరి అని పేరు పెట్టింది. ఓపెన్ సోర్స్ పద్ధతిలో దాని గుట్టంతా ఇంటర్నెట్లో బయటపెట్టి, వాడుకోండి, మార్చుకోండి, మార్చినదాన్ని మళ్లీ పదిమందికీ ఇవ్వండి అని రాసింది. పుంగనూరు ఆవు లాంటిదనుకోండి. ఆ ఆవును ఒకాయన కోడిపెట్ట అనుకుని గంప కింద మూసిపెడితే, తెల్లారి గంప ఎత్తేసరికి రెండు చెంబుల పాలిచ్చి నిలబడిందట. చిన్నదే, కానీ దాన్నీ మేపాలి కదా.

మేపేది మునీశ్వరి ఒక్కతే. తెల్లవారి అయిదింటికి, స్టవ్వు ముట్టించక ముందు ముప్పావుగంట. సార్, క్ష వత్తు విరుగుతోంది, రేపటికల్లా సరిచేయండి అని ఖమ్మం నుంచి ఒక మెయిల్. సార్, ఇంత ఆలస్యమా అని ఒంగోలు నుంచి ఇంకొకటి. 'ఎం. ముని' అన్న సంతకం చూసి ఆడమనిషని ఎవరికి తడుతుంది? ఆమె కూడా దిద్దలేదు. సార్ చెప్తే ఒకసారికే నమ్ముతారు. మేడమ్ చెప్తే మీ పైన ఎవరున్నారని అడుగుతారు.

భర్త దేవేంద్రకు మోటార్ల రిపేరు షాపు. పొద్దున ఆమె చేతి కాఫీ అందుకుంటూ రోజూ ఒకటే మాట. "ఊరికే చేసేదానికి విలవేముండాది మే? దానికి ఇన్ని తిప్పలు యాల?" ఈ కాఫీ కూడా ఊరికే చేసిందే అన్న జవాబు ఆమె నాలుక చివరిదాకా వచ్చేది. వచ్చి, గ్లాసుతోపాటు కడుక్కుపోయేది.

ప్రోగ్రామ్ రాసిన మూడో ఏడు రాజమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నోటికేమీ కాలేదు. మంచం దగ్గర పనులన్నీ మునీశ్వరివే అయ్యాయి. మదనపల్లె బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి నిద్రపోవడం కూడా నేర్చుకుంది. ఏదో ఒక బరువు దించుకోవాలి. దించుకుంటే ఎవరూ అరవని బరువు ఏదా అని చూస్తే, చేమిరి ఒక్కటే కనబడింది. అలాగని దాన్ని వీధిలో వదలడానికి చేతులు రాలేదు. నాలుగు కాలాలు చూసుకునే ఇల్లు వెతకాలి.

మొదట ల్యాబు హెడ్ సుబ్రహ్మణ్యాన్ని అడిగింది. ఆయన ఎంతో సంతోషించాడు. రాసినవారు అన్నచోట తన పేరు వేద్దామన్నాడు, కింద 'టైపు సహకారం' అని ఆమె పేరు. గుట్టు మాత్రం మూసేద్దాం, లోకానికంతా పంచడమెందుకు అన్నాడు. ఆలోచించి చెప్తానంది. ఆలోచించడానికేమీ లేదు, కాదనే ఓపిక లేక అన్న మాట అది.

ఇక మిగిలింది కుప్పం. అక్కడి ప్రెస్సు నుంచి శ్రీనివాసులు అనే పేరుతో రెండేళ్లుగా మెయిళ్లు వస్తున్నాయి. మిగతావాళ్లు తప్పు చూపించి ఊరుకుంటే, ఆయన దిద్ది మరీ పంపేవాడు. అలాంటి మనిషి చేతిలో పెడితే నిశ్చింత. ఒక ఆదివారం వంట ముగించి, అత్తకు నీళ్లు పోసి, కాలేజీ పనుందని అబద్ధమాడి, పలమనేరు మీదుగా కుప్పం చేరింది.

ప్రెస్సులో ముప్పై ఏళ్ల ఆడమనిషి పెళ్లి పత్రికలు మడతపెడుతోంది.

"శ్రీనివాసులు సార్ ఉండారా?"

"మా ఆయన పత్రికలియ్యను పోయినాడు. ఏం కావాల?"

"చేమిరి గురించి మాట్లాడాల."

ఆమె చేతులు ఆగిపోయాయి. "ముని సారు పంపించినారా అక్కా? ఆయన రాలేదా?"

"ఆ సారు నేనే."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అట్లయితే శ్రీనివాసులు నేనే. నా పేరు చంద్రిక. మెయిలు ఆయన పేరు మీద ఉండాది."

రెండేళ్లు ఆ ఇద్దరూ ఒకరినొకరు సార్, సార్ అని పిలుచుకున్నారు. వాళ్లు నవ్విన నవ్వుకు పెళ్లి పత్రికలన్నీ లేచిపోయి కర్ణాటకలో పడ్డాయని చెప్పుకుంటారు. సగం నమ్మండి చాలు.

నవ్వు తగ్గాక మునీశ్వరి వచ్చిన పని చెప్పింది. చంద్రిక తల అడ్డంగా ఊపింది.

"నా ఒక్కదానికే వద్దక్కా. చేమిరి ఒకింట్లోనే ఉంటే, ఆ ఇంట్లో పాలు ఇరిగిన పొద్దు అంతా పోతాది. నువ్వు ముందు పక్కింటికి ఇచ్చింటేనే కదా, గిన్నె ఎత్తుకుని పోయి అడిగేది." పలమనేరులో టైపు సెంటరు నడిపే సుష్మకూ ఈ పని వచ్చునంది. ముగ్గురి దగ్గరా ఉంచుదాం, ఎవరికి ఒళ్లు బాగలేకపోయినా మిగతా ఇద్దరూ చూసుకుంటారంది. తర్వాత మెల్లగా అడిగింది. "దీనికి పొద్దుకెంతసేపు పడతాండాది అక్కా?"

"ముప్పావుగంట."

చంద్రిక ఒక పత్రిక మడత మీద గోటితో నొక్కి గీసింది. "ముప్పావుగంట పనికి ఇల్లు ఎతుక్కుంటా ఇంత దూరం వచ్చినావే. మిగతా పదహైదు గంటల పనికి యాడన్నా ఎతికినావా?"

తిరుగు బస్సులో సీటు దొరికింది. నిద్ర మాత్రం రాలేదు.

ఇంటికొచ్చి పాలు కాచింది. పాలగిన్నె, చేమిరి గిన్నె, చెంచా తెచ్చి టీవీ చూస్తున్న దేవేంద్ర ముందు పెట్టింది.

"చల్లారినాక చేమిరి నువ్వెయ్యి. ఈ పొద్దు నుంచి ఇది నీ పని."

"నాకేం తెలుసు మే?"

"దాంట్లో గుట్టేం లేదు. చెంచాడు."

మరునాడు అయిదింటికి కూర్చున్న మునీశ్వరి ఏడయినా లేవలేదు. రాసినవారు అన్నచోట ఎం. ముని తీసేసి, మునీశ్వరి అని పూర్తిగా కొట్టింది. పక్కన చూసుకునేవారు అని, చంద్రిక, సుష్మ, మునీశ్వరి.

లోపలి మంచం నుంచి రాజమ్మ గొంతు వినిపించింది. "ఎవురు ఏసినారు ఈ చేమిరి? పులిసి నోట్లో పెట్టుకోలేకుండా ఉండాది."

మునీశ్వరి తల తిప్పలేదు. "తప్పుంటే ఆయనకు చెప్తా. రేపు దిద్దుకుంటాడు."