వంద గింజల లెక్క

కోడలు మందపాటి గిన్నెను బోర్లించి, అడుగున పట్టిన మసిని తోముతోంది. పోయిన వారమంతా అందులో మొక్కజొన్న పేలాలు వేయించి వేయించి దాని అడుగు కాటుక డబ్బాలా తయారైంది. వెనక పీట మీద కూర్చున్న అత్తగారు చాలాసేపు చూసి చూసి అంది:

"నా చేతిలో ఉన్నప్పుడు ఆ గిన్నె అద్దంలా ఉండేది."

"మీ చేతిలో ఉన్నప్పుడు ఇల్లంతా అద్దాలే కదత్తయ్యా. అందుకే అడుగు వెయ్యాలంటే భయం," అంది కోడలు తలెత్తకుండా.

ఆ అత్తాకోడళ్లకి మొదటి నుంచీ ఉప్పూ నిప్పూ. రెండేళ్లుగా మాత్రం ఆ నిప్పుకి పుల్లలందిస్తున్నది పిట్ట చదువు. పిట్ట అంటే కోడలి కూతురు, పదేళ్లది. అడుగుల చప్పుడు వినపడకుండా తిరుగుతుందని ఆ పేరు. ఎనిమిదో ఏట బళ్లో టీచరు ఏదో అడిగితే, జవాబు తెలిసీ దానికి నోరు పెగల్లేదు. చెప్పేదాకా నిలబడమంది టీచరు. రెండు పీరియడ్లు నిలబడి, అందరి ముందూ గౌను తడుపుకుంది. మర్నాటి నుంచి కోడలు దాన్ని బడికి పంపలేదు. వంటింటి గోడకి నల్లబల్ల తగిలించి తనే పాఠాలు మొదలుపెట్టింది. చిక్కేమిటంటే ఆ బడికి పెద్ద టీచరు సాక్షాత్తూ ఆడబిడ్డే. నా బడి పనికిరాకుండా పోయిందని ఆమె, నా వంటిల్లు బడైపోయిందని అత్తగారు. తల్లీకూతుళ్లు ఒక జట్టు.

వాళ్ల మధ్య నలిగి నలిగి మొగుడు చివరికి ఒక మాట తేల్చేశాడు. "శుక్రవారం అక్క వచ్చి చూస్తుంది. పిల్లకి చదువొస్తోందని అక్క అంటే ఇంకో ఏడాది ఇంట్లోనే. లేదంటే సోమవారం నుంచి బడి." అనేసి ఫ్యాక్టరీకి చక్కా పోయాడు.

ఇవాళే ఆ శుక్రవారం.

ఆడబిడ్డ ముందు పిట్ట మళ్లీ మూగదవుతుందని కోడలికి తెలుసు. అందుకే పేలాల పండగ పెట్టింది. పేలాలంటే పిట్టకి ప్రాణం, వాటి గురించైతే నోరు విప్పుతుంది. వంద గింజలు వేయించి ఎన్ని పేలాయో చూడటం లెక్కలు. ఎందుకు పేలాయో కనుక్కోవడం సైన్సు. ఇంట్లో ఎవరి పద్ధతి వాళ్లనడిగి రాసుకోవడం రాత. కోడలి పుట్టింటి పద్ధతి పంచదార పాకం పట్టించడం. ఆడబిడ్డది వెన్నా మిరియాల పొడీ. ఫోన్లో అదీ మూడే ముక్కల్లో చెప్పింది. అత్తగారి పద్ధతిలో కాగిన నూనెలో ముందు మూడు గింజలే వేసి, మూడోది పేలాక మిగతావి వెయ్యాలి. సోమవారం అలా వేస్తే వందకి తొంభై ఒకటి పేలాయి. మిగిలిన సంచీని కోడలు అల్మరాలో పెట్టి, శుక్రవారం దాకా ముట్టుకోవద్దంది.

పన్నెండున్నరకి ఆడబిడ్డ స్కూటరు ఆగింది. గడియారం చూసుకుంటూనే లోపలికొచ్చింది.

"రెండింటికి బెల్లు. తొందరగా కానివ్వండి."

"కూర్చోండి వదినా."

"ఎక్కడ కూర్చోను? కుర్చీల నిండా చదువే పరిచావుగా."

పిట్ట పదేసి చొప్పున వంద గింజలు లెక్కపెట్టింది. నూనె కాగాక మూడు వేసింది. అందరూ గిన్నె వైపే చూస్తున్నారు. ఎంతకీ ఒక్కటీ కదల్లేదు. చివరికి ఒకటి 'టప్'మంది. ఇక ఆగలేక కోడలు మిగతావి పోసి మూత పెట్టింది. వడగళ్లు రాలినట్టు మోగాల్సిన మూత దగ్గినట్టు నాలుగు చప్పుళ్లు చేసి ఊరుకుంది. మాడు వాసన వచ్చింది. పళ్లెంలో వంపి లెక్కపెడితే పదిహేడు.

"పండగ బ్రహ్మాండంగా ఉంది. పేలాలే తక్కువయ్యాయి," అంది ఆడబిడ్డ.

అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండేళ్ల కష్టం కోడలికి ఆ నల్లటి గింజల్లో కనిపించింది.

ఈలోగా పిట్ట గింజల సంచీ తెచ్చి వంటింటి కాటా మీద పెట్టింది. నోటుబుక్కు తీసి చూసుకుంది.

"సోమవారం తొమ్మిది వందల గ్రాములు. ఇప్పుడు తీసిన వంద గింజలు పదిహేను. ఎనిమిది వందల ఎనభై అయిదు ఉండాలి. ఎనిమిది వందల ముప్పయ్యే ఉంది."

"మిగతావి ఎలకలు తిన్నాయా?"

"ఎవరూ తినలేదత్తా. నీళ్లు పోయాయి. గింజ లోపల నీళ్లుంటాయి. వేడికి ఆవిరయ్యి తొక్కని తోస్తాయి. నీళ్లు లేకపోతే తోసేదేముంది? ఊరికే మాడుతుంది."

ఆడబిడ్డ గడియారం చూడటం మానేసింది. "ఎవరు చెప్పారే నీకు?"

"ఆవిరి సంగతి అమ్మ చెప్పింది. మిగతాది నేనే అనుకున్నా."

"మరి సంచీలో ఉన్నవాటికి నీళ్లెలా పోయాయి?"

పిట్ట చూపు నానమ్మ మీద వాలి, అంతలోనే నేలకి దిగింది. పుస్తకం మూసి గుండెకి హత్తుకుంది. కోడలు ఆ చూపుని పట్టేసింది. పుస్తకం లాక్కుని విప్పింది. సోమవారం కింద గుండ్రటి అక్షరాల్లో ఉంది: 'నానమ్మ పద్ధతి. గింజలకి ఎండ తగలకూడదు. తగిలితే పేలవు.' దాని కింద: 'మంగళవారం. నానమ్మ మేడ మీద గింజలు ఎండబెట్టింది. బుధవారం కూడా. గురువారం కూడా. అమ్మకి చెప్పొద్దంది.'

కోడలికి అసలు పండగ అప్పుడొచ్చింది. తనే చదివెయ్యొచ్చు. కానీ ఆ మాటలు పిల్ల నోటి నుంచే రావాలనిపించింది. పుస్తకం తిప్పి పిట్ట చేతిలో పెట్టింది.

"చదువమ్మా. అత్తకి వినిపించు. గట్టిగా."

పిట్ట చదవలేదు.

"ఏమిటా ఆర్భాటం? నేనేదో విషం కలిపినట్టు," అంది అత్తగారు.

"విషమెందుకు? ఎండ చాలదూ? ఏది చేస్తే పేలవో మీకు కాక ఇంకెవరికి తెలుసు!"

"అవును, ఎండబెట్టాను. ఏం చేస్తావ్? రోజంతా దానికి నువ్వూ నేనూ ఆ నల్లబల్లా తప్ప మరో మొహం లేదు. పదేళ్ల పిల్ల గింజలతో కబుర్లాడుతోంది. నువ్వు చేసేది చదువు చెప్పడం కాదే తల్లీ, కాపలా కాయడం."

"విన్నారా వదినా? ఒప్పుకున్నారు!" కోడలి గొంతు లేచింది. "అయినా సరే, రాసింది వినాల్సిందే. పిట్టా, చదువు."

పిట్ట పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"నోట్లో ఏం పెట్టుకున్నావే? రాసేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు? చదివేదాకా అక్కడే నిలబడు. కదిలావంటే చూడు!"

ఆడబిడ్డ తన హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంటూ అంది: "మా టీచరు కూడా అచ్చం ఈ మాటే అంది."

అందులో వెటకారం లేదు. ఉంటే కోడలు తిప్పికొట్టేదే.

"తమ్ముడికి చెబుతాను, పిల్లకి చదువొచ్చిందని. మా అయిదో తరగతిలో ఇలా తూచి చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. ఇంకో ఏడాది నీ దగ్గరే ఉంచుకో. నువ్వే గెలిచావు." గుమ్మం దగ్గర ఆగి పిట్ట వైపు తిరిగింది. "ఆ టీచర్ని పోయినేడే పంపించేశాను. నీకు రావాలనుంటే రా. నేను బతిమాలను."

"అదెక్కడికీ రాదు," అంది కోడలు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "పిట్టా, కూర్చోమ్మా. ఇక చదవక్కర్లేదు. కూర్చో," అంది.

పిట్ట కూర్చోలేదు. పుస్తకాన్ని కాటా పక్కన పెట్టింది. గుమ్మం దాకా వెళ్లి చెప్పులు వేసుకుంది. ఎడమ చెప్పు పట్టీ పడలేదు. వంగి, విప్పి, మళ్లీ పెట్టుకుంది.

"ఎక్కడికే? పిట్టా! నిన్నే!"

బయట స్కూటరు మోగింది. అత్తగారు పీట మీద నుంచి సగం లేచి, ఎందుకు లేచిందో తెలియనట్టు అలాగే ఉండిపోయింది. పిట్ట ఇద్దరిలో ఎవరి మొహమూ చూడకుండా, గడప దాటి మెట్లు దిగి వెళ్లిపోయింది.