ఆమె మానేసిన ఆదివారాలు

గడియారాలు బాగుచేసే ఆయనకి వీధిలో వాళ్ళు పెట్టిన పేరొకటి ఉండేది. వెనకసీటాయన. ఎదురుగా ఎవరూ అనేవాళ్ళు కాదు గానీ, ఆయనకి తెలుసు. తెలిసినా ఏమీ అనుకునేవాడు కాదు, అది నిజమే కాబట్టి. పాతికేళ్ళ పైచిలుకు కాపురంలో మోటార్ సైకిల్ మీద ఆయన కూర్చున్నదంతా వెనకే. ముందు కూర్చునేది భార్య.

ఆవిడ నీళ్ళ ఆఫీసులో మీటర్ రీడర్. ఇంటింటికీ వెళ్ళి, గేటు పక్కన మూత ఎత్తి, మీటర్లో అంకెలు రాసుకోవడం ఆవిడ పని. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, తిరగడానికి చిన్న స్కూటర్ ఏదైనా కొనుక్కోమన్నారు ఆఫీసువాళ్ళు. ఆవిడ వెళ్ళి నల్లటి పాత మోటార్ సైకిల్ కొనుక్కొచ్చింది. బరువైన బండి. నాలుగు కిక్కులు కొడితే గానీ స్టార్టయ్యేది కాదు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఆవిడ మాత్రం దాన్ని కంటికి రెప్పలా చూసుకుంది.

ఆయన సంగతి వేరు. ఆవగింజంత పళ్ళచక్రాల మధ్య బతికిన మనిషి. కంటికి భూతద్దం బిగించి, ఊపిరి బిగబట్టి, పట్టకారుతో పనిచేసేవాడు. బండెక్కితే ఆయనకి పైప్రాణాలు పైనే పోయేవి. భార్య నడుం పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. "కళ్ళు తెరవండి, చెట్లు బాగున్నాయి" అనేది ఆవిడ. "దిగాక చూస్తాలే" అనేవాడు.

ఆదివారం పొద్దున్నే ఆవిడ ఒక్కతే బండి తీసుకుని వెళ్ళేది. గంట, గంటన్నర. తిరిగొచ్చేసరికి మొహం ఎర్రగా, జుట్టు చిందరవందరగా ఉండేది. ఆకలి ఆకలంటూ వంటింట్లోకి దూరి, నిలబడి గిన్నెలోంచే తినేసేది. ఆ రోజంతా ఇల్లు సందడిగా ఉండేది. ఎక్కడికెళ్ళావంటే మాత్రం నవ్వి ఊరుకునేది.

ఒక వానాకాలంలో ఆ పేట పోస్ట్‌మ్యాన్‌ని మలుపులో లారీ కొట్టేసింది, అక్కడికక్కడే పోయాడు. అతనూ మోటార్ సైకిల్ మీదే వెళ్తున్నాడు. పది రోజుల తర్వాత అతని తమ్ముడు అన్న చేతి గడియారం తెచ్చి కొట్లో బల్ల మీద పెట్టాడు. "మా వదిన అడిగింది. మళ్ళీ నడిచేలా చేసిపెట్టండి" అన్నాడు. గడియారాలాయన మూత తీశాడు. అద్దం పొడి లోపలిదాకా పోయింది. ఆయన పట్టకారు పక్కన పెట్టి, మూత మళ్ళీ బిగించేశాడు.

సాయంత్రం భార్య ఇంటికి రాగానే అడిగేశాడు.

"ఉద్యోగానికి వెళ్ళు, అది తప్పదు. ఆదివారం ఊరికే తిరగడం మాత్రం మానెయ్."

"ఊరికే తిరగడమా అది?" అంది ఆవిడ.

"మరేమనమంటావ్? ఒక పనీ లేదు, పాటూ లేదు. నువ్వు తిరిగొచ్చేదాకా నా ప్రాణం నా దగ్గరుండదు. నాకోసం మానెయ్."

ఆవిడ చేతి తొడుగులు ఒకటొకటిగా తీసి, "సరే" అంది.

అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అలగలేదు, దెప్పలేదు. ఆదివారాలు చెల్లెలింటికి నడిచి వెళ్ళి వచ్చేది. ఆయన నిశ్చింతగా ఇంకాస్సేపు పడుకునేవాడు. భార్య తన మాట విన్నందుకు లోలోపల పొంగిపోయాడు కూడా.

నాలుగేళ్ళు అలా గడిచాయి. అయిదో ఏడు ఆవిడ కడుపులో గడ్డ అన్నారు డాక్టర్లు. అప్పటికే చెయ్యి దాటిపోయింది. ఆస్పత్రి మంచం మీద, మాట పీలగా వస్తున్నప్పుడు, "బండిని వారానికోసారైనా స్టార్ట్ చేస్తున్నారా? లేకపోతే పాడైపోతుంది" అని అడిగింది. "చేస్తున్నా" అన్నాడాయన. చెయ్యడం లేదు. అసలు ఎలా చెయ్యాలో తెలీదు.

ఆవిడ పోయిన నాలుగు నెలలకి మరదలు వచ్చింది. స్కూలు బస్సు నడుపుతుంది ఆమె. అక్క కంటే పదేళ్ళు చిన్న. మెట్ల కింద గుడ్డ కప్పి ఉన్న బండిని చూసి, "తుప్పు పట్టిపోతోంది బావా. తీసుకెళ్ళి నడిపేవాళ్ళెవరికైనా ఇచ్చేస్తా" అంది.

"నాకు నేర్పు" అన్నాడు.

"ఏంటి నేర్పేది?"

"బండి."

మరదలు ఆయన్ని ఎగాదిగా చూసింది. "బావా, లిఫ్టు ఎక్కితేనే కళ్ళు మూసుకుంటావ్ నువ్వు."

"ఆవిడ బట్టలు సర్దాను. కళ్ళజోళ్ళు, చెప్పులు, రాసుకున్న పుస్తకాలు, అన్నీ ముట్టుకున్నాను. అన్నీ నాకు తెలిసినవే. ఇదొక్కటే తెలీదు. పాతికేళ్ళు దీని వెనక కూర్చుని కూడా తెలీదు."

సెలవు రోజుల్లో స్కూలు బస్సులు నిలిపే ఖాళీ జాగాలో పాఠం మొదలైంది. మొదటిరోజు బండి ఎగిరెగిరి ఆగిపోయింది. రెండోరోజు ఆయన గోడకి గుద్దుకున్నాడు. "క్లచ్ అలా వదిలేస్తే ఎలా బావా! నీ గడియారంలో స్ప్రింగు తీసేటప్పుడు ఎంత మెల్లిగా తీస్తావ్? అలా వదులు" అంది మరదలు. ఆ మాట పనిచేసింది. మోకాళ్ళు గీరుకుపోయాయి, బ్రేకు పిడి ఒకటి విరిగింది. నెలన్నరకి ఆయన ఆ జాగాలో అటూ ఇటూ తడబడకుండా తిప్పగలిగాడు. యాభై ఎనిమిదేళ్ళకి లైసెన్సు చేతికొచ్చింది.

తర్వాతి ఆదివారం పొద్దున ఒక్కడే బయల్దేరాడు.

ఊరి చివర ఇటుకల ఫ్యాక్టరీ దాటేదాకా రెండో గేరులోనే నడిపాడు. దాటాక రోడ్డు ఖాళీ అయింది. మూడో గేరు, నాలుగో గేరు. ఒక చోట రోడ్డు మెలి తిరిగి కిందికి దిగింది. వంపు వచ్చినప్పుడు బండితో పాటు ఒళ్ళు వంచాలని మరదలు చెప్పింది. వంచాడు. బండి తేలిగ్గా అయిపోయింది. ఇనుమంతా ఎక్కడికో పోయి, తనొక్కడే గాల్లో వాలి తిరిగినట్టుంది. తడి మట్టి వాసన, తర్వాత ఎవరిదో కట్టెల పొయ్యి వాసన, తర్వాత చల్లటి నీడ, ఒకదాని వెనక ఒకటి మొహానికి తగిలాయి. రాత్రంతా తలలో గింగిరాలు తిరిగే మాటలు ఆగిపోయాయి. కొట్టు లేదు, ఖాళీ ఇల్లు లేదు. ఇంకో మలుపు వస్తోంది, అంతే. ఆయన గట్టిగా నవ్వాడు. నవ్వింది తనేనని ఒక క్షణం తెలీలేదు.

తెలిసిన వెంటనే చల్లబడిపోయాడు.

ఇదన్నమాట. గేటు గేటుకీ ఆగే ఉద్యోగపు తిరుగుడులో దొరకనిది. ఆవిడ నాలుగేళ్ళు లేకుండా గడిపింది ఇదీ.

బండి పక్కకి తీసి ఆపాడు. రోడ్డు వారన రాళ్ళ మీద కూలబడి, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, ఎండ ఎక్కేదాకా అలాగే ఉండిపోయాడు. అటు పోతున్న పాల వ్యాన్ డ్రైవర్ ఆపి, "బండి మొరాయించిందా పెద్దాయనా?" అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

అక్కణ్ణించి సరాసరి మరదలింటికే వెళ్ళాడు. ఆమె పెరట్లో బట్టలారేస్తోంది.

"ఒక్కటి చెప్పు" అన్నాడు. "నాకు తెలీకుండా ఎప్పుడైనా వెళ్ళిందా? ఒక్క ఆదివారమైనా? వెళ్ళిందని చెప్పు, నేనేమీ అనుకోను."

మరదలికి ఆయన ఏం అడుగుతున్నాడో అర్థమైంది. అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది కూడా. ఆయన కళ్ళు చూసి చెప్పలేకపోయింది.

"లేదు బావా. నీకు మాటిచ్చింది కదా."

"మరి ఇక్కడికొచ్చి ఏం చేసేది?"

"ఆ అరుగు మీద కూర్చునేది. మొదట్లో నేను పోరు పెట్టేదాన్ని, బావకి నేను చెప్తా, వెళ్ళు అని. 'ఆయన భయం నువ్వు చూళ్ళేదు' అనేది. తర్వాత తర్వాత అడగడం మానేశా. టైము చూసుకుని, ఇక వెళ్తానే అని లేచేది."

ఆయన అరుగు వంక చూశాడు. దగ్గరికి వెళ్ళలేదు. బండి తాళం తీసి మరదలి చేతిలో పెట్టాడు.

"నాకొద్దు. ఎవరికైనా ఇచ్చెయ్. దీని మీద సుఖపడే అర్హత నాకు లేదు."

మరదలికి కోపం వచ్చింది. అక్క పోయాక ఆమె ఎవరి మీదా గొంతు పెంచలేదు. ఇప్పుడు పెంచింది.

"మళ్ళీ మానెయ్యడమేనా? ఒకరు మానేసింది చాలదా ఈ ఇంట్లో? నీ శిక్ష నువ్వు వేరేగా వేసుకో బావా. బండిని అందులోకి లాగకు."

తాళం ఆయన జేబులో కుక్కేసి, వెనక్కి తిరిగి బట్టలారేసుకుంది. దండెం మీది దుప్పటి వెనక ఆమె భుజాలు కదలడం ఆయనకి కనిపించింది. ఆయన జేబులోంచి తాళం తీసి, బండెక్కి ఇంటికి వెళ్ళాడు.

ఆ తర్వాతి ఆదివారం చిన్నగా జల్లు పడుతోంది. ఆయన వంతెన దాకా వెళ్ళాడు. దాని తర్వాతి వారం ఇంకొంచెం దూరం. సంతోషం ప్రతిసారీ వచ్చేది, అదే ఆయనకి కష్టంగా ఉండేది. మంచి మలుపు దగ్గర మనసు ఎగిరిపడేది, ఆ వెంటనే ఆ అరుగు గుర్తొచ్చేది. రెండూ అలవాటవుతాయేమో అనుకున్నాడు. ఏడాది దాటినా కాలేదు. హెల్మెట్ అద్దం లోపలి నుంచి మసకబారినప్పుడల్లా పక్కకి ఆపి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ కిక్ కొట్టేవాడు.