దబ్బనం దీపం

పన్నెండున్నర. మీటరు మేస్త్రి తన మీటరు ముల్లు పైకి తీసి, వైరు చివర లుంగీ అంచుతో తుడిచి మళ్ళీ ఆనించాడు. మళ్ళీ పన్నెండున్నర వోల్టులే. బ్యాటరీలో ఎంతుందో వైరు చివరా అంతే ఉందని మీటరు ఒట్టేసి చెబుతోంది. బల్బు పెడితే మాత్రం వెలగదు. మూడు రోజులుగా ఆ పాత కారు ఎడమ కన్ను మూసుకునే ఉంది. కుడి కన్ను అతన్నే చూస్తున్నట్టు వెలుగుతోంది. బల్బులు మార్చాడు, స్విచ్చి విప్పి బిగించాడు, బాడీకి అంటే చోట తుప్పు గీకాడు. ఇవాళ సాయంత్రం ఆ కారు కొన్నవాళ్ళు తీసుకుపోవడానికి వస్తారు.

రెండు కార్ల అవతల దీపం మేస్త్రి ఈల వేసుకుంటూ పని చేసుకుంటున్నాడు. ఆ ఈల వింటే మీటరు మేస్త్రికి ఒళ్ళు మండుతుంది.

వాళ్ళిద్దరూ తోడల్లుళ్ళు. అక్కని దీపం మేస్త్రి చేసుకున్నాడు, చెల్లెల్ని ఇతను. ఒకే అత్తగారు, ఒకే షెడ్డు, ఒకే పని. అన్నీ పోల్చి చూడ్డానికి వీలుగా దేవుడు పక్కపక్కనే పెట్టాడు. ఒకసారి అత్తగారింట్లో ఫ్యాను ఆగిపోతే, ఇతను జేబులో మీటరుతో దాని కిందే కూర్చుని ఉండగా ఆవిడ వీధిలోకి తొంగి చూసి, "పెద్దల్లుడు వస్తాడులే, కాసేపు విసనకర్రతో సరిపెట్టుకోండి" అంది. పదకొండేళ్ళయింది. ఆ విసనకర్ర గాలి ఇంకా అతని మొహానికి కొడుతూనే ఉంది.

మీటరు కొనడానికి అతను ఏడాది కూడబెట్టాడు. దానికో తోలు సంచి, తుడవడానికో మెత్తటి గుడ్డ. దీపం మేస్త్రి పనిముట్టు చెత్తబుట్టలోంచి పుట్టింది. పాత బ్రేకు లైటు బల్బు, దాని హోల్డరు, బారెడు వైర్లు రెండు. ఒక వైరు చివర క్లిప్పు. రెండో వైరు చివర గోనెసంచులు కుట్టే దబ్బనం. క్లిప్పు కారు బాడీకి తగిలించి దబ్బనం వైర్లో గుచ్చుతాడు. బల్బు వెలిగితే కరెంటున్నట్టు, లేకపోతే లేనట్టు. పాత కార్ల వాళ్ళు షెడ్డు గుమ్మంలో అడుగు పెట్టగానే అడిగేది ఆ దబ్బనం మనిషినే. తోలు సంచి వైపు ఒక్కడూ చూడడు.

ఇంతవరకైతే లోపల ఉడుక్కుంటూ బతికేసేవాడే. పోయిన వారం యజమాని ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. "కార్లు తగ్గాయి. వైరింగుకి ఇద్దరెందుకయ్యా? ఒకరు చాలు. ఎవరుంటారో మీలో మీరే తేల్చుకోండి" అన్నాడు. యజమాని అంటే అదే. కత్తి తను పట్టుకోడు. ఇద్దరి మధ్యా బల్లమీద పెట్టి వెళ్ళిపోతాడు.

బయటికి రాగానే దీపం మేస్త్రి భుజమ్మీద చెయ్యేశాడు.

"తమ్ముడూ, సోమవారం ఇద్దరం కలిసే వెళ్దాం. ఉంటే ఇద్దరం ఉంటాం, లేకపోతే ఇద్దరం పోతామని చెబుదాం. అప్పుడాయన వైర్లు తనే పీక్కుంటాడా?"

"చూద్దాంలే అన్నయ్యా" అన్నాడు ఇతను.

చూద్దాం అన్నవాడి దగ్గర అప్పటికే ఒక రహస్యం ఉంది. నెల క్రితం కారు కింద గోతిలో దీపం మేస్త్రి దబ్బనం గుచ్చాడు. ఆ చీకట్లో బల్బు భగ్గున వెలిగింది. ఎదురుగా మొహమ్మీద వెలుగు పడుతున్నా అతను కళ్ళు చికిలించి, బొటనవేలు బల్బు మీద ఆనించి, కాసేపాగి "వచ్చింది" అన్నాడు. ఎండలో పని చేసేటప్పుడైతే సరే, వెలుగు తెలియదు కాబట్టి వేడి చూశాడనుకోవచ్చు. చీకటి గోతిలో ఎందుకు? ఆ రోజు నుంచి మీటరు మేస్త్రి కనిపెట్టి చూశాడు. టీ గ్లాసు పక్కన టీ పొయ్యడం, గోడ తడుముకుంటూ నడవడం, "ఇది ఎరుపేనా, నలుపా? ఈ రంగులు పాడుగాను, వెలిసిపోయి చస్తాయి" అని పక్కవాళ్ళచేత చెప్పించుకోవడం. అన్నీ కనబడ్డాయి. పెద్దల్లుడికి చూపు పోయింది. వేలితో నెట్టుకొస్తున్నాడు.

అయినా నోరు మెదపలేదు. ఇవాళ సోమవారం. పొద్దున క్యారేజీ కడుతూ భార్య అంది. "మూడ్రోజుల్నించి ఆ కారు పట్టుకుని వేలాడుతున్నారు. బావనడిగితే పోలా? ఒక్క నిమిషంలో చెప్పేస్తాడు."

"మీ బావ నిమిషాలైపోయాయిలే" అన్నాడు.

"ఏంటా మాటలు?"

తిన్నగా షెడ్డుకొచ్చి, దీపం మేస్త్రి రాకముందే ఒక్కడూ యజమాని గదిలోకి వెళ్ళాడు. నాలుగు మాటల్లో పనైపోయింది.

మధ్యాహ్నం చెక్కగోడ అవతల్నించి యజమాని గొంతు వినబడింది. "కళ్ళు కనబడకుండా కరెంటు పనేంటి మేస్త్రీ? రేపేదైనా తగలబడితే? ఇవాల్టితో ఆపెయ్. నా మీద కోపం పెట్టుకోకు." ముప్పయ్యేళ్ళు వెల్డింగు మెరుపుల పక్కన కూర్చోబెట్టి, ఒక్క జత నల్లద్దాలైనా కొనివ్వని షెడ్డది. కళ్ళు ఎక్కడ పోయాయని యజమానిని నిలదీయడానికి లోపల రెండో మనిషి ఉండాలి. ఆ రెండో మనిషి చెక్కగోడ ఇవతల నిలబడి ఉన్నాడు.

దీపం మేస్త్రి బయటికొచ్చాడు. కుండలో నీళ్ళు ముంచుకు తాగాడు. వెళ్ళి మిగిలిన పని అందుకున్నాడు. ఈల మాత్రం లేదు.

గెలిచినవాడికి ఎలా ఉండాలో మీటరు మేస్త్రికి తెలియలేదు. ఎడమ లైటు ఇంకా వెలగలేదు. నాలుగైంది. యజమాని వచ్చి కారు ముందు నిలబడ్డాడు. "ఏంటిది? ఉన్న ఒక్కడివీ ఇలా అయితే ఎలా?"

వెనకనుంచి అడుగుల చప్పుడు. దీపం మేస్త్రి కారు అంచు మీద చెయ్యి ఆనించుకుంటూ వచ్చి ఇతని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మీటరెంత చూపిస్తోంది?"

"పన్నెండున్నర."

"చూపిస్తుంది. ఉన్నావా అనడిగితే వైరు ఉన్నాననే అంటుంది. బరువు మొయ్యమను, అప్పుడు బయటపడుతుంది." క్లిప్పు తగిలించి, ఫ్యూజు దగ్గర దబ్బనం గుచ్చి, బొటనవేలు బల్బు మీద పెట్టాడు. చురుక్కుమనగానే తీశాడు. బానెట్టు పక్కన గుచ్చాడు. మళ్ళీ చురుక్కు. మడ్‌గార్డు దాటాక గుచ్చి, వేలు అలాగే ఉంచాడు. పది దాకా లెక్కపెట్టేంతసేపు ఉంచాడు. మీటరు మేస్త్రి వంగి చూశాడు. బల్బులో తీగ ఎర్రటి నలుసులా ఉంది, అంతే.

"గోరువెచ్చన. ఈ జానెడు కొయ్యి తమ్ముడూ."

కోశాడు. పైన గుడ్డ తొడుగు నిక్షేపంగా ఉంది. లోపల రాగి పచ్చటి బూడిదైపోయి, ఒకే ఒక్క పోగు మిగిలి ఉంది. మీటరుకి ఆ ఒక్క పోగు చాలు. లైటుకి చాలదు. కొత్త ముక్క కలిపి స్విచ్చి వేశాడు. కారు రెండు కళ్ళూ తెరిచింది.

"శభాష్ మేస్త్రీ!" అని యజమాని చరిచింది మీటరు మేస్త్రి వీపునే. నేను కాదని ఒక్క మాట అనాలి. అనలేదు. పదకొండేళ్ళుగా కోరుకున్న చరుపు. అది నొప్పెట్టింది.

యజమాని వెళ్ళాక దీపం మేస్త్రి క్యారేజీ కోసం బల్లమీద తడుముతున్నాడు. ఇతను అందించబోయాడు. అప్పటికే దొరికింది.

"తమ్ముడూ."

"ఊఁ."

"కళ్ళ సంగతి చెప్పావు, సరే. వేలి సంగతి చెప్పలేదేం?"

మీటరు మేస్త్రి వంగి, కోసిన వైరు ముక్క కిందనుంచి తీశాడు.

"మీ వదినతో నేను చెప్పుకుంటాలే. మీ ఇంట్లో మటుకు నువ్వే చెప్పుకో."

గోడ మీద అరచెయ్యి రాసుకుంటూ గేటు దాకా వెళ్ళాడు. అక్కడ గోడ అయిపోయింది. ఒక క్షణం ఆగి, చెయ్యి దించి, ఎండలోకి నడిచిపోయాడు.

కొన్నవాళ్ళు వచ్చేలోగా కారు తుడవాలి. మీటరు మేస్త్రి గుడ్డ తీసుకుని ముందుకొచ్చి ఆగిపోయాడు. మడ్‌గార్డుకి క్లిప్పు అలాగే పట్టుకుని ఉంది. కింద దబ్బనం వేలాడుతోంది. అటూ ఇటూ చూసి దాన్ని బ్యాటరీకి ఆనించి, బల్బు మీద తన బొటనవేలు పెట్టాడు. మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు కూడా ఉంచలేకపోయాడు. వేలు నోట్లో పెట్టుకున్నాడు. దబ్బనం పక్కకి జారి బల్బు ఆరిపోయింది. ఆరాక కనబడింది, గాజు మీద బొటనవేలంత మేర నూనే చర్మమూ ఏళ్ళ తరబడి కాలి అంటుకుపోయిన గోధుమరంగు మచ్చ. మీటరు తుడిచే మెత్తటి గుడ్డతో రుద్దాడు. అది పోలేదు.