మాస్టారు చెప్పారని

“పొద్దున నీకో పని తప్పించాన్లే” అన్నాడు మా ఆయన, సోఫాలో కాళ్లు చాపుకుని. నేను బాల్కనీలో దుప్పటి పిండుతున్నాను. ఒక కొన కుళాయికి చుట్టి రెండో కొన మెలితిప్పుతుంటే ఏ పని తప్పించాడో అడిగే ఓపిక లేకపోయింది. ఈ ఇంట్లో ఎవరైనా నాకు పని తప్పించారంటే అది రెండింతలై తిరిగొస్తుందని అనుభవం మీద తెలుసుకున్నాను. ఒకసారి ఆయన గిన్నెలు కడిగాడు. ఆ వార్త ఆడపడుచు దాకా, పక్కింటివాళ్ల దాకా వెళ్లింది. జిడ్డు పోని ఆ గిన్నెలు మళ్లీ నేనే తోముకున్నాను. అందుకని “ఊఁ” అని ఊరుకున్నాను.

“ఎవరో వెల్వెట్ గురించి అడిగారు. నువ్వు మా అమ్మకి తల దువ్వుతున్నావు కదా, నీ ఫోనులో మెసేజీ మోగితే నేనే జవాబు రాసేశాను.”

దుప్పటి చేతిలోంచి జారి బకెట్‌లో పడింది.

నేను బట్టల కటింగులు గీస్తాను. కోటుకి, గౌనుకి, పిల్లల లాగుకి ఏ ముక్క ఎంత ఉండాలి, మడత ఎక్కడ, కుట్టు ఎక్కడ అని కాగితం మీద గీసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి అమ్ముతాను. కొన్నవాళ్లు ప్రింటు తీసి బట్ట మీద పరిచి కత్తిరించుకుంటారు. కొనేవాళ్లు దాదాపు అందరూ వచ్చేది ఒక్కచోటు నుంచే. ఇంటర్నెట్‌లో కుట్టుపనివాళ్ల ఫోరం ఒకటుంది. ఒకరికి చంక దగ్గర పట్టేస్తుంది, ఇంకొకరికి కాలరు లేచి చెవులకి తగులుతుంది. అక్కడికొచ్చి అడుగుతారు, తెలిసినవాళ్లు చెబుతారు. చెప్పింది పనికొస్తే అడిగినవాళ్లు ఒక నక్షత్రం ఇస్తారు. నక్షత్రాలు పెరిగేకొద్దీ పేరు పక్కన రంగు మారుతుంది. కొత్తవాళ్లది బూడిద రంగు. మాది బంగారు రంగు. మాది అంటున్నాను చూడండి, అక్కడే ఉంది తిరకాసంతా. ఆడపేరు పెడితే పిచ్చి మెసేజీలు వస్తాయని ఆ ఖాతా మా ఆయనే తెరిచాడు, తన పేరుతో, తన ఫొటోతో. నా మంచికే అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

అక్కడ నన్ను మాస్టారూ అంటారు. “మాస్టారూ, చెయ్యి ఎక్కించేటప్పుడు భుజం దగ్గర ముడతలొస్తున్నాయి.” “మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను, అతికినట్టు కూర్చుంది.” నిజం చెప్పాలంటే ఆ పిలుపు నాకు చాలా ఇష్టం. ఇంట్లో నేను ఇదిగో, ఏమేవ్, అమ్మా నా సాక్సులేవి. అక్కడ నేను ఒక మాట అంటే ఎక్కడో ఒక మనిషి టేపు తీసుకుని మళ్లీ కొలుచుకుంటుంది. నీకేం తెలుసు అని అక్కడ ఎవరూ అనరు. బంగారు రంగు చూసి అనలేదో, మీసాలున్న ఫొటో చూసి అనలేదో అప్పట్లో ఆలోచించలేదు. ఆలోచించడం ఇష్టం లేక ఆలోచించలేదు.

మా అత్తగారికి మాత్రం ఆ ఫోరం కంట్లో నలుసు. “ఊరందరి గుండీలూ నీకే కావాలి. మావాడి చొక్కాకి గుండీ ఊడి ఎన్నాళ్లయిందో చూశావా?” అంటుంది. మా ఆయన అయితే దానికి కబుర్లని పేరు పెట్టాడు. “అయ్యాయా కబుర్లు?” అంటాడు నేను ఫోను కింద పెట్టగానే. “ముక్కూ మొహం తెలియనివాళ్ల మెప్పు కోసం వేళ్లు అరగదీసుకుంటావెందుకు? నీ కటింగులు బాగుంటే కొంటారు, లేకపోతే లేదు. ఫోరంలో చుక్కలు లెక్కపెట్టి కొనేవాళ్లుంటారా ఎక్కడైనా?” ఉంటారని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఇవే కటింగులు మొదట్లో అమ్మకాల సైటులో పెట్టి కూర్చుంటే ఒక్కరూ తొంగిచూడలేదు. పక్కింటావిడ కాలరు సరిచేసిన మనిషి దగ్గరే కోటు కటింగు కొనాలనిపిస్తుంది ఎవరికైనా. ఇది వ్యాపారం తెలిసినవాళ్ల మాటేం కాదు, మామూలు బుద్ధి.

కానీ ఆయన ఆఫీసు స్నేహితుడు ఇంటికొచ్చి, “మీరు ఆ కుట్టు ఫోరంలో పెద్ద మాస్టారట కదా సార్, మా ఆవిడ ఒకటే పొగడ్త” అన్నప్పుడు మాత్రం ఈయన కబుర్లన్న మాట ఎత్తలేదు. “ఏదో, తీరికున్నప్పుడు” అన్నాడు. నేను కాఫీ ట్రేతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. అతను వెళ్లాక అడిగితే, “ఇప్పుడు వాడికి రామాయణమంతా విప్పాలా?” అని టీవీ పెట్టుకున్నాడు. ఆ రోజే గట్టిగా అనాల్సింది. కప్పులు కడిగి బోర్లించాను.

తడిచేతులతోనే ఫోను తెరిచాను. అడిగినావిడ ఫోరంలో పెట్టుకున్న పేరు గుండుసూది. నా దగ్గర రెండుసార్లు కటింగులు కొంది. పాటల బృందం వాళ్లకి వెల్వెట్ కోట్లు కుట్టే పని వచ్చిందట, ఇంత పెద్ద ఆర్డరు ఇదే మొదలట. “బట్ట కాస్త తక్కువ పడుతోంది మాస్టారూ. ముక్కల్ని ఒకటి పైకీ ఒకటి కిందికీ తిప్పి పరిస్తే సరిపోయేట్టుంది. వెల్వెట్‌ని అలా తిప్పొచ్చా?” దాని కింద మా ఆయన జవాబు: “నిరభ్యంతరంగా తిప్పండి. బట్ట ఆదా అవుతుంది.” పక్కన నవ్వుతున్న బొమ్మ కూడా.

వెల్వెట్‌ని చేత్తో నిమిరితే తెలుస్తుంది. ఒకవైపు నున్నగా సాగుతుంది, ఎదురు నిమిరితే చేతికి అడ్డం పడుతుంది. ముక్కలన్నిటికీ ఆ వాలు ఒకేవైపు ఉండాలి. తిప్పి కత్తిరిస్తే ఒకే తానులోని బట్టయినా ఒక ముక్క ముదురుగా, పక్కది వెలిసిపోయినట్టుగా కనబడుతుంది. ఇంక ఏ కుట్టూ దాన్ని కప్పలేదు. “ఆగండి, కత్తిరించకండి” అని టైపు చేస్తుండగానే కింద ఆమె ఫొటో కనబడింది. కోటు ముందు భాగాలు రెండూ కిటికీ దగ్గర పట్టుకుంది. ఒకటి ముదురు మెరూన్ రంగు, రెండోది ఎవరో ఎండలో పడేసినట్టుంది.

“అన్నీ కత్తిరించేశాను మాస్టారూ. ఇంకెవర్నైనా అడగవే అంది మా అక్క. మాస్టారు చెప్పాక ఇంకెవర్ని అడుగుతాం అన్నాను.”

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఫోను తీసుకెళ్లి మా ఆయన మొహం ముందు పెట్టాను. “బట్ట బట్టే కదా, తిప్పితే ఏమవుతుందిలే అనుకున్నాను” అన్నాడు. ఫొటో పెద్దది చేసి చూశాక లేచి కూర్చున్నాడు. “సరే, ఆ జవాబు తీసెయ్. ఆవిడే సరిగ్గా చదువుకోలేదని రాయి. వెల్వెట్‌కి కాదు, మామూలు బట్టకి చెప్పామను. నువ్వంటే అందరూ నమ్ముతారు.”

“నేనంటేనా?”

“అదే, మాస్టారంటే.”

“కబుర్లే కదండీ. తప్పయిందని ఒప్పుకుంటే ఏం పోతుంది?”

“నా పేరు పోతుంది. అక్కడ ఉన్నది నా ఫొటో. ఆఫీసులోవాళ్ల ఆడవాళ్లంతా చూస్తారు.”

అత్తగారు కళ్లజోడు తుడుచుకుంటూ, “రాసింది నువ్వే కదరా” అంది. కొడుకు మొహం చూసి వెంటనే నా వైపు తిరిగింది. “అయినా సరే, కట్టుకున్నవాడి పేరు నలుగురి నోళ్లలో వెయ్యకు తల్లీ.”

మళ్లీ బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను. ఒళ్లంతా మండుతోంది. ఆయన చెప్పింది అక్షరాలా జరుగుతుంది, అదే నన్ను భయపెట్టింది. బంగారు రంగు పక్కన ఒక్క వాక్యం రాస్తే చాలు, బూడిద రంగు గుండుసూది అబద్ధాలకోరు అయిపోతుంది. పదిమంది వచ్చి, మాస్టారలా చెప్పరమ్మా, నువ్వే సరిగ్గా చదువుకుని ఉండవు అంటారు. పేరుంటే నాలుగు ఆర్డర్లు వస్తాయనుకున్నాను గానీ, దాంతో ఒక మనిషి నోరు మూయించవచ్చని నాకు తట్టనే లేదు. కత్తెర పట్టడం తెలియని మనిషికి ఎంత తొందరగా తట్టింది. ఇన్నేళ్లు చంకలూ మెడలూ కొలిచి, పిల్ల జ్వరంతో ఒళ్లో పడుకున్నా ఒంటిచేత్తో జవాబులు టైపు చేసి నేను కూడబెట్టిన నమ్మకం అది. ఆయన సోఫాలో కూర్చుని రెండు ముక్కలు రాయగానే ఒకావిడ వెల్వెట్ తాను మొత్తం కత్తిరించేసింది. నా పేరూ నా మొహమూ అక్కడ ఉంటే అలా కత్తిరించేదా, అక్క మాట విని ఇంకొకర్ని అడిగేదా? తెలియదు. ఆ సంగతి తెలియకుండానే ఇన్నేళ్లు గడిపాను.

మా ఆయన గుమ్మం దాకా వచ్చాడు. “ఆవేశపడకు. నిజం రాస్తే ఆ ఖాతా ఇంక పనికిరాదు. నీ పేరుతో కొత్తది తెరిస్తే ఏడాదైనా ఒక్కరు కొనరు. నీ పని పోతుందని చెప్తున్నాను.”

అది బెదిరింపు కాదు. నిజంగానే నా గురించి ఆలోచించి అన్నాడు. అన్నది కూడా నిజమే. నేను ఎలా గీస్తానో, ఎన్నిసార్లు చెరుపుతానో ఇంట్లో ఎవరికీ తెలియదు, చూసి కొనేది ఆ ఫోరంవాళ్లే. వాళ్లకి తెలిసిన మనిషిని నేను కాదని నేనే చెప్పాలి. మళ్లీ బూడిద రంగుతో, నీకేం తెలుసుతో మొదలుపెట్టాలి.

చేతులు తుడుచుకుని భోజనాల బల్ల దగ్గర, అందరికీ కనబడేలా కూర్చున్నాను. ముందు గుండుసూదికి విడిగా రాశాను. అదే రంగు బట్ట నేను కొని పంపిస్తాననీ, ముక్కలు ఎలా పరవాలో బాణం గుర్తులతో గీసి ఇస్తాననీ, కోట్లు ఇవ్వాల్సిన రోజు దగ్గరపడితే సగం నేనే కుడతాననీ. తర్వాత అందరూ చదివేచోట, ఆ జవాబు తీసెయ్యకుండా, దాని కిందే రాయడం మొదలుపెట్టాను. మా ఆయన వెనక నిలబడి, “ఏం రాస్తున్నావు?” అన్నాడు. తెర ఆయన వైపు తిప్పి, చదవనిచ్చి, పంపించాను.

“గుండుసూదిగారు సరిగ్గానే చదివారు. జవాబే తప్పు. ఈ ఫొటోలో ఉన్నాయన ఈ ఫోరంలో రాసిన మొట్టమొదటి జవాబు అదే. అంతకుముందు మీరు చదివినవన్నీ నావి.”