నా వీపు వెనక చెయ్యి

నేను ఒక నిలువుటద్దాన్ని. ఇసుకగా పుట్టి, కొలిమిలో కరిగి, వీపుకు వెండి పూత పూయించుకుని రాజమండ్రిలో ఒక గాజుల కొట్టుకు చేరాను. ఆడవాళ్లు కొత్త గాజులు తొడుక్కుని నాలో చూసుకునేవారు. నచ్చకపోతే తప్పు నాదేనన్నట్టు కొంగుతో నన్ను తుడిచేవారు. కొట్టు మూసేశాక, ఫిజియోథెరపీ చేసే నస్రీన్ నన్ను తన గదికి తెచ్చుకుంది.

కొట్టులో నా భయమల్లా పగిలిపోతానేమోనని. ఇక్కడ ఇంకో భయం పట్టుకుంది. ఈ గదిలో నన్ను మనిషికి ఎదురుగా కాదు, పక్కన పెడతారు. నొప్పి చెయ్యి నా వెనక ఉంటుంది. మంచి చెయ్యి నా ముందు కదులుతుంటే, నొప్పి చెయ్యే హాయిగా లేస్తున్నట్టు నాలో కనిపించాలి. అది చూసి భుజం బెదురు మానుతుందని నస్రీన్ ఆశ. నా వీపుకు మాత్రం కళ్లు లేవు. వెనక ఏం జరుగుతోందో తెలియకుండా అబద్ధం చూపిస్తున్నానేమోనని నా భయం.

వకుళ వచ్చినప్పుడు ఆమె ఊపిరి నా మీద ఆవిరై నిలిచింది. ఎడమ భుజం బిగుసుకుపోయింది. జడ కూడా అత్తగారు సూరమ్మే వేస్తోంది. ఇంకా కదలకపోతే మత్తు ఇచ్చి వంచాలన్నాడు డాక్టరు. వకుళ తల్లి అలాంటి మత్తులోంచి మళ్లీ లేవలేదు.

"చేతులు రెండూ ఒకేలా కనిపించాలి. గాజులు తీసేయండి," అంది నస్రీన్.

వెంట వచ్చిన సూరమ్మ అడ్డుపడింది. "మావాడు గుండ్రాయిలా ఉండగా రెండు చేతులూ బోసిగానా? ఎడమ చేతివి తీస్తే చాల్లేమ్మా."

అలాగే తీశారు. వకుళ కుడి చెయ్యి ఎత్తింది. నాలో గాజుల చెయ్యి లేచింది. బోసిగా ఉండాల్సిన ఎడమ చేతికి గాజులు చూసి ఆమె ముఖం తిప్పేసుకుంది.

"అది నాది కాదండీ. ఎవరి చెయ్యో తెచ్చి నాకు అతికించినట్టుంది. తీసేయండి దాన్ని."

"అయితే తీసిన గాజులు మళ్లీ తొడిగేయండి," అంది నస్రీన్.

సూరమ్మ నా వెనక్కి వెళ్లింది.

"కదపకండత్తయ్యా, చచ్చిపోతాను."

"కదపనులేవే. నామీద గొంతెత్తినంత సులువుగా చెయ్యెత్తరాదూ?" గొంతు కటువే. గాజులు మాత్రం ఒక్కొక్కటే మెల్లగా ఎక్కుతున్న చప్పుడు వినిపించింది.

తొడిగి వచ్చి, రెండు వైపులా కనిపించేలా కోడలి వెనక నిలబడింది. వకుళ కుడి చెయ్యి మళ్లీ ఎత్తింది. గాజులు మోచేతి వైపు జారాయి. నాలోని చెయ్యిని ఈసారి ఆమె కాదనలేదు.

అప్పుడు నా వెనక చప్పుడైంది. కొట్టులో ఏళ్లు గడిపినదాన్ని. తగిలిన గాజులకూ, లేచిన చేతి మీద జారే గాజులకూ తేడా నాకు తెలుసు.

వకుళ కళ్లు గట్టిగా మూసుకుంది. "నాకు భయంగా ఉంది. మీరు చూడండత్తయ్యా."

సూరమ్మ చూసింది. ఆమె ముఖం నాలో కనిపిస్తోంది.

"ఇక నీ జడ నువ్వే వేసుకుందువుగాని," అంది, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "నా చేతులు పడిపోతున్నాయి."