చిలుము పట్టిన చేతులు

సాయంత్రం పడవలు కట్టేశాక మంద్రాకి రేవులో పడవవాళ్ళంతా గట్టు మీద కూచుని, నిమ్మచెక్కకి ఉప్పద్ది అరచేతులు తోముకుంటారు. రోడ్స్ దీవిలో ఇదేం వింత కాదు. వెనకటికి ఇక్కడ ఓ మహా కంచు విగ్రహం ఉండేది. అది భూకంపానికి కూలిపోయింది, ముక్కలు కూడా మిగల్లేదు. అదెక్కడ నిలబడిందో తెలిసినట్టు ఎవరు చెప్పినా వాళ్ళ అరచేతులకి చిలుము పడుతుంది. రేవులోనే అనే పడవవాళ్ళకీ పడుతుంది, కాదు కొండమీద అని వాదించే ప్రొఫెసర్లకీ పడుతుంది. అందుకే ఊళ్ళో నిమ్మకాయలెప్పుడూ ప్రియమే.

అందరికంటే ముదురు చిలుము సవ్వాస్‌ది. "ఈ గట్టునో కాలు, ఆ గట్టునో కాలు! మధ్యలోంచి ఓడలు!" అని చేతులు బారజాపి చెబుతుంటే టూరిస్టులు నోరెళ్ళబెట్టేవాళ్ళు. పక్క పడవ స్టెర్గోస్ మాత్రం అడిగినవాళ్ళకి "తెలియదండీ" అనేవాడు. అతని పడవ సగం ఖాళీగానే తిరిగేది.

సవ్వాస్‌కి పిల్లల్లేరు. చెల్లెలు ఫోతిని తన కూతురికి అతన్నే జ్ఞానతండ్రిగా, వాళ్ళ మాటలో నూనోగా, ఉండమంది. "రేపు మాటలొచ్చాక నిన్ను నూనో అని పిలుస్తుంది" అంది. ఆ రోజు సవ్వాస్ దారిలో కనబడ్డవాళ్ళందరికీ కాఫీ పోయించాడు.

"బాప్తిస్మంలో బిడ్డ ఒంటికి నూనె రాయాల్సింది నువ్వే అన్నయ్యా. ఈ వారం కాస్త నోరు కట్టుకో."

"కట్టుకున్నానే తల్లీ!"

కట్టుకున్నాడు కూడా. ఆదివారం పొద్దున కొత్త కోటేసుకుని, ఊరికే పడవ చూసొద్దామని రేవుకెళ్ళాడు. స్టెర్గోస్ ముందు ఓ గుంపు నిలబడి విగ్రహం ఎక్కడుండేదని అడుగుతోంది. "తెలియదండీ" అన్నాడు స్టెర్గోస్. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వారు. సవ్వాస్ ఆగలేకపోయాడు. ఆ రోజు పడవ తీసే ఉద్దేశం లేదు, బేరం కోసం కాదు. వాళ్ళు తనకేసి చూడాలి, అంతే.

"నేను చెబుతాను రండి!"

తోమి తోమి ఇంట్లో నిమ్మకాయలన్నీ అయిపోయాయి. చిలుము మాత్రం కదల్లేదు.

చర్చిలో చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. సాతానుని వదిలావా అని ఫాదర్ అడిగితే బిడ్డ తరఫున "వదిలాను" అన్నాడు. నూనె గిన్నె వచ్చింది. ఫోతిని బట్టలు విప్పిన బిడ్డని అందించబోయింది.

"పట్టుకో అన్నయ్యా."

గబగబా రాసేస్తే చిలుము నూనెలో కలిసిపోతుంది, ఎవరూ చూడరు అనుకున్నాడు. అలా అనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది. బిడ్డ కాళ్ళాడిస్తూ అతని కోటు బొత్తాం పట్టుకుంది.

"స్టెర్గోస్" అన్నాడు, వెనక ఊరివాళ్ళ మధ్య నిలబడ్డ అతనికేసి తిరిగి. "నువ్వు రా. నువ్వు రాయి."

"నీకేమైనా పిచ్చా?" అంది ఫోతిని.

సవ్వాస్ అరచేతులు తెరిచి చూపించాడు.

"ఇవాళ కూడానా?" ఆమె బిడ్డని వెనక్కి లాక్కుంది. "నా బిడ్డ కోసం ఒక్క పూట నోరు మూసుకోలేకపోయావా?"

ఆ చేతులు ఊరంతా రోజూ చూసేవే. అయినా ఆ వేళ ఒక్కొక్కరే చూపు తిప్పుకున్నారు. ఆ నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది అతనికి. స్టెర్గోస్ వచ్చి, చొక్కా చేతులు మడుచుకుని, బిడ్డ వీపుకి మెల్లిగా నూనె రాశాడు.

ఆ పిల్లకి మాటలొచ్చాయి. ఈస్టరుకి జ్ఞానతండ్రి తేవాల్సిన కొవ్వొత్తి పట్టుకొచ్చిన స్టెర్గోస్ మెడకి వేలాడి "నూనో! నూనో!" అని కేరింతలు కొట్టింది. తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డ సవ్వాస్‌ని చూసి, అమ్మ నేర్పినట్టే మర్యాదగా, "రండి మావయ్యా" అంది.