ఎనిమిదో బోల్టు

బోల్టు విరిగిన సంగతి భోజన్నకు చెవి చెప్పింది. చెయ్యి చెప్పలేదు.

ఎండు పుల్ల విరిచినంత చిన్న చప్పుడు. పానా ఒక్కసారిగా తేలికైపోయింది. ముప్ఫై ఏళ్ళుగా, బోల్టు విరగబోయే ముందు ఇనుము అతని చేతిని హెచ్చరించేది. అప్పటిదాకా మొండికేసిన బిగువు మెత్తబడి, కాస్త బంకలా సాగేది. ఆ సాగుడు తగిలిన క్షణంలో ఆపితే బోల్టు దక్కుతుంది. లేదంటే తల ఊడి చేతిలోకి వస్తుంది, మొండెం ఇంజనులోనే ఉండిపోతుంది. ఇవాళ కూడా ఇనుము చెప్పే ఉంటుంది. వినడానికి ఆ చేతిలో ఎవరూ లేరు.

బానెట్ కింద వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. లేస్తే ముఖం చూపించాలి.

"విరిగిందా?" అన్నాడు వెనక స్టూలు మీద కూర్చున్న వెంకట్రావు.

"ఇరిగింది."

ఆ పికప్ బండి వెంకట్రావుది. బోధన్ అవతల నిజాంసాగర్ కాలువ కింద, కోస్తా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న క్యాంపు ఊళ్ళో అతనికి చెరుకూ వరీ ఉన్నాయి. కృష్ణా డెల్టా నుంచి వచ్చిన తాత కొన్న భూమి. బోధన్‌లో మెకానిక్కులు లేక కాదు. దారి పొడుగునా ఉన్న షెడ్లన్నీ దాటుకొని, ఇరవై ఏళ్ళుగా నిజామాబాద్‌లో కంఠేశ్వర్ అవతల ఉన్న ఈ రేకుల షెడ్డుకే వస్తాడు. భోజన్న చెయ్యి పడితే చాలని క్యాంపులో నలుగురికీ చెప్పి వాళ్ళ బండ్లను కూడా ఇటే పంపాడు.

ఈసారి జబ్బు మేనిఫోల్డ్‌ది. ఇంజను వదిలే పొగనంతా పోగుచేసి సైలెన్సర్‌కు పంపే బరువైన ఇనుప దిమ్మె అది. ఎనిమిది బోల్టులు దాన్ని ఇంజనుకు అదిమి పట్టుకుంటాయి. బండి వచ్చేసరికే రెండు విరిగి ఉన్నాయి. ఆ సందులోంచి పొగ క్యాబిన్‌లోకి దూరుతోంది. పోయిన శుక్రవారం బాసర వెళ్ళి వస్తూ వెంకట్రావు భార్య ఉదయలక్ష్మి తల తిరిగి రెండుసార్లు వాంతి చేసుకుంది. పొద్దుటి నుంచి భోజన్న నాలుగు బోల్టులు క్షేమంగా తీశాడు. ఐదోది ఇప్పుడు విరిగింది. ఇక మిగిలింది ఒకటే. అన్నిటికన్నా వెనకది, ఇంజనుకూ క్యాబిన్ గోడకూ మధ్య బెత్తెడు సందులో ఉన్నది. అక్కడికి చూపు పోదు. చెయ్యి మాత్రమే పోతుంది. విరిగిన మిగతావాటికి మొండెం మీద నట్టు వెల్డింగ్ పెట్టి, దాన్ని తిప్పి తీయొచ్చు. అది విరిగితే మాత్రం ఇంజను పైభాగం, హెడ్డు మొత్తం దించాలి.

వెంకట్రావు లేచి వచ్చి, ఊడిన బోల్టు తలను అరచేతిలో వేసుకొని చూశాడు. తప్పంతా తన మీదే వేసుకున్నాడు. పొలం నుంచి రాగానే బండిని తిన్నగా కాలువలోకి దించి కడగడం అతని అలవాటు. వాళ్ళ నాన్న ఎడ్లను కాలువలో కడిగి గాని అన్నానికి కూర్చునేవాడు కాదట. ఎడ్లు పోయి బండి వచ్చినా ఆ ఇంటి వరస మారలేదు. కాగి ఉన్న మేనిఫోల్డ్ మీద చల్లటి నీళ్ళు పడితే బోల్టులు చిట్లిపోతాయని పొద్దున భోజన్నే చెప్పాడు. బండి బర్రె కాదు, కాల్వల ముంచి తోముటానికి, అని ఎగతాళి కూడా చేశాడు.

"ఇదీ మన కాలువ స్నానం పుణ్యమే కదా భోజన్నా?" అన్నాడు వెంకట్రావు.

మొదటి రెండూ నిజంగా కాలువ నీళ్ళకే విరిగాయి. వాటి విరుపులు తుప్పు పట్టి నల్లగా ఉన్నాయి. ఇప్పటి విరుపు తెల్లగా మెరుస్తోంది. పని తెలిసినవాడు ఒక్క చూపులో కనిపెడతాడు. వెంకట్రావుకు తెలియదు. కాబట్టి అబద్ధం ఆడాల్సిన పని కూడా లేదు, అబద్ధం దానంతటదే వచ్చి ఎదురుగా నిలబడింది.

భోజన్న తల ఊపాడు.

ఊపాక లోపల ఏదో కుదుటపడినట్టయింది. అదే అతన్ని భయపెట్టింది. ఇంత సులువుగా కుదుటపడే మనిషి ఎన్నాళ్ళ నుంచి తనలో ఉంటున్నాడో అతనికి తెలియదు.

దసరా నాడు పానాలన్నీ కడిగి వరుసగా పెట్టి బొట్లు పెడుతుంటే, కుడి చేతి వేలి కొసకు కుంకుమ తడి తగల్లేదు. ఆ తర్వాత చిటికెన వేలి వైపు అంచంతా మొద్దుబారింది. చలికాలానికి అరచెయ్యి కూడా అంతే అయింది. పొగలు కక్కే చాయ గ్లాసును అతను గుప్పిట నిండా పట్టుకొని తాగడం చూసి భార్య రేణుకమ్మ బలవంతంగా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళింది. నరం నలిగింది, ఆరు నెలలు పని ఆపమన్నాడు డాక్టర్. భోజన్న ఆపలేదు. రేణుకమ్మ చేత ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. చెయ్యి పోయినచోట చెవినీ కన్నునూ పెట్టుకొని నెట్టుకొచ్చాడు. బోల్టు కిర్రుమంటే కదిలినట్టు, పానా వంగితే బిగిసినట్టు. చుట్టుపక్కల కుర్ర మెకానిక్కులు ఫోన్ చేసి ఎంత బిగించాలన్నా అని అడిగితే, చెయ్యే చెప్తది బిడ్డా అని జవాబిచ్చేవాడు. అలా చెప్పినప్పుడల్లా ఆ మాటను తానే నమ్మేవాడు.

ఇప్పుడు కన్నుకు పని లేని చోటికి చెయ్యి పంపాలి.

గ్యాసు మంటతో వెనక బోల్టు చుట్టూ ఇనుమును కాల్చాడు. మోంబత్తి తీసి వేడి బోల్టు మెడకు తగిలించాడు; కరిగిన మైనం మరల్లోకి ఇంకుతుందని. ఎడమ చేత్తో పానా దూర్చి చూశాడు. ఆ మూలకు ఎడమ మోచెయ్యి మడత పడలేదు. కుడి చెయ్యే దూర్చాడు. పానా బోల్టు తలను పట్టిందో లేదో తెలియలేదు. పట్టిందని అనుకున్నాడు. అనుకోవడం, తెలియడం మునుపు ఒకటే అతనికి. కళ్ళు మూసుకుంటే తెలుస్తుందేమోనని మూసుకున్నాడు. మణికట్టు దాకా తనదే. అక్కడి నుంచి అవతల ఎవరిదో, తన మాట వినేదే గానీ బదులు పలకనిది. బండి అవతల రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు పోతుంటే నేల అదిరింది. ఆ అదురూ చేతికి రాలేదు, కాళ్ళకు వచ్చింది.

లాగాడు. కొంచెం. చప్పుడు లేదు. ఇంకొంచెం లాగాడు. కదిలిందా, సాగిందా, జారిందా? ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు. ఇంకొక్క పిసరు లాగితే తేలిపోతుంది. ఆగిపోయాడు. ముక్కు మీదుగా చెమట కారి ఇంజను మీద పడి సుయ్యిమంది.

"భోజన్నా, ఏదో కమురు కంపు," అన్నాడు వెంకట్రావు.

మైనం అయి ఉంటుందని భోజన్న చెప్పాడు. వెంకట్రావు వంగి చూశాడు. మరుక్షణం అతని మోచెయ్యి పట్టుకొని బయటకు లాగేశాడు. చిటికెన వేలి కింద, అరచేతి అంచున, రెండు రూపాయల బిళ్ళంత మేర చర్మం తెల్లగా ఉడికి, చేతి వెనక వైపు వెంట్రుకలు మాడి ఉన్నాయి. వేడి మేనిఫోల్డ్‌కు ఆనించి ఉంచినంతసేపూ అది కాలుతూనే ఉంది.

ఇద్దరూ ఆ చేతిని చూశారు, మూడోవాడి చేతిని చూసినట్టు.

"నొప్పి లేదా?" అన్నాడు వెంకట్రావు.

"లేదు."

"ఎప్పటి నుంచి?"

"దసరసంది."

వెంకట్రావు బకెట్లో నీళ్ళు ముంచి చేతి మీద పోశాడు. ఇంకేమీ అడగలేదు. అడగడని భోజన్నకు అర్థమైంది. ఇక్కడితో ఆపితే జాలి మిగులుతుంది. ఆ జాలి కింద బోల్టు సంగతి దాగిపోతుంది, కాలువ మీద పెట్టిన నింద కాలువ మీదే ఉండిపోతుంది. నీళ్ళు కారుతున్న చేతిని చూస్తూ ఉన్నాడు.

"ఇందాకటిది కాల్వ నీళ్ళకు ఇర్గలే రావుగారు. నా చేతుల్నే ఇరిగింది. నాకు తెలువలే."

వెంకట్రావు బకెట్ కింద పెట్టాడు. కోపం వస్తుందని భోజన్న ఎదురుచూశాడు. వెంకట్రావు మాత్రం బండి వైపు చూసి, ఇది విప్పి పడేశాం, ఇప్పుడెలా అని అడిగాడు. వేరే మెకానిక్‌ను పిలుస్తానన్నాడు భోజన్న. ఒక్క బోల్టే కదా, చెప్పు, నేను తిప్పుతానన్నాడు వెంకట్రావు.

మళ్ళీ కాల్చాడు భోజన్న. మళ్ళీ మైనం ముట్టించాడు. ఇనుముకు ఆనకుండా మణికట్టుకు తడిగుడ్డ చుట్టుకొని వెంకట్రావు చెయ్యి దూర్చాడు. చెరుకు గడల మధ్య అరవై ఏళ్ళు తిరిగిన చెయ్యి. ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పమన్నాడు భోజన్న. తర్వాత వదిలే వైపు. చేతికి ఏం తగులుతోందో చెప్పమన్నాడు.

"రాయిలాగుంది."

"ఉండనియ్యుండ్రి. గట్లనే పట్టుకోండ్రి."

"ఇప్పుడు... మెత్తగా సాగినట్టు..."

"ఆపుండ్రి." భోజన్న గొంతు షెడ్డు దాటి రోడ్డు దాకా వినిపించింది. "బిగించే దిక్కు తిప్పుండ్రి. మెల్లగ."

మళ్ళీ కాల్చారు. మళ్ళీ తిప్పారు. భోజన్న బానెట్ అంచు మీద తల ఆనించి నిలబడ్డాడు. చూడటానికి ఏమీ లేదు, అవతలివాడి ఊపిరి తప్ప. నాలుగోసారి ఇనుము గట్టిగా కిర్రుమంది. వెంకట్రావు ఊపిరి బిగపట్టాడు. "వదిలింది. సాగలేదు, వదిలింది," అన్నాడు. అప్పుడే ఈత వచ్చిన కుర్రవాడిదిలా ఉంది ఆ గొంతు. కొద్దికొద్దిగా విప్పుకుంటూ ఎనిమిదో బోల్టును పూర్తిగా బయటకు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అతని ముఖం మారడం భోజన్న చూశాడు. బోల్టును చూస్తూనే వేళ్ళతో దాన్ని తిప్పుతున్నాడు. చేతికి ఇప్పుడే తెలిసిన సంగతి తలకెక్కుతోంది.

"ఇలా తెలియాలన్నమాట," అన్నాడు. తర్వాత, "జనవరిలో ఈ బండి ముందు చక్రాల బ్రేకులు నువ్వే వేశావు," అన్నాడు.

"ఏసిన."

"ఆ బ్రేకుల్ని నమ్ముకొనే ఉదయలక్ష్మిని కూర్చోబెట్టుకొని బాసర గోదావరి దాకా వెళ్ళొచ్చాను."

భోజన్న జాకీ తెచ్చాడు. జాకీని కాలితో తొక్కవచ్చు. చక్రాలు వెంకట్రావు విప్పాడు. బ్రేకును పట్టి ఉంచే బోల్టులు చక్రానికి రెండు. ఎడమ వైపువి రెండూ పానాకు ఎదురుతిరిగాయి, బిగువుగానే ఉన్నాయి. కుడి వైపు పైది కూడా అంతే. కింద బోల్టుకు పానా అందించబోతుంటే వెంకట్రావు అప్పటికే దాన్ని బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకున్నాడు. పాల సీసా మూత తిప్పినట్టు తిప్పాడు. అది తిరిగింది.

వెంకట్రావు దాన్ని తానే బిగించాడు. తానే మళ్ళీ లాగి చూశాడు. మూడోసారి కూడా చూశాడు. ఇరవై ఏళ్ళలో ఈ షెడ్డులో ఒక్క పనినీ రెండోసారి చూసుకోనివాడు. విరిగిన మూడింటికీ వెల్డింగ్ పెట్టి తీయడానికి బోధన్ నుంచి మనిషిని పిలిపిస్తానని చెప్పి, రోడ్డు దగ్గరకు నడిచి ఫోన్ తీశాడు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది భోజన్నకు.

అతను స్టూలు మీద కూర్చున్నాడు. దసరా నుంచి ఇప్పటిదాకా ఎన్ని బండ్లు? లెక్క తలలో ముందుకు పోలేదు. ఒక్క బండి దగ్గరే ఆగిపోయింది. మాక్లూర్ భానుప్రసాద్ బడి వ్యాను. పదిహేను రోజుల క్రితం నాలుగు చక్రాల బ్రేకులూ ఈ చెయ్యే వేసింది. ఆ సాయంత్రం భానుప్రసాద్ ఇక్కడే చాయ తాగుతూ, పిల్లలు అల్లరి చేస్తే సడన్ బ్రేకు వేసి భయపెడతానని నవ్వాడు. గోడ గడియారం మూడు నలభై చూపిస్తోంది. బడి నాలుగింటికి వదులుతారు.

ఇప్పుడు ఫోన్ చేస్తే మాక్లూర్ అంతా రేపటికి తెలుస్తుంది. ఎల్లుండికి క్యాంపుకూ బోధన్‌కూ తెలుస్తుంది. ఈ షెడ్డు ముందు ఇక బండి ఆగదు. రాత్రికి ఇంటికి పిలిచి నెమ్మదిగా చెప్పొచ్చు కదా, చక్రాలు చూద్దాం రా అని ఏదో సాకు పెట్టి. ఇందాక తల ఊపినవాడే ఈ సలహా ఇస్తున్నాడని గుర్తుపట్టాడు. అంతే నెమ్మది గొంతు, అంతే సులువు.

ఎడమ చేత్తో ఫోన్ తీసి నంబరు నొక్కాడు. చాలాసేపు మోగింది.

"చెప్పే అన్న," అన్నాడు భానుప్రసాద్. వెనక ఇంజను చప్పుడు.

"భానూ, ఏడున్నవ్?"

"బడికే పోతున్న. ఏంది?"

"బండి పక్కకు ఆపు. పోరగాండ్లను ఎక్కించకు. నీ బ్రేకులు నేను సరిగ్గ బిగించిన్నో లేదో నాకే తెలువది. దసరసంది నా కుడి చెయ్యి పని చేస్తలేదు."

అవతల భానుప్రసాద్ పకపకా నవ్వాడు. "పట్టపగలే మందు ఏసినవా అన్న?"

భోజన్న ఆ నవ్వు అయిపోయేదాకా ఆగాడు. తర్వాత మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.